సారెలో ఐదో చేప

వడమాలపేట,
జూలై 9.

బాలసుబ్రమణ్యం గారికి,

నమస్కారం. నేను అమర్‌నాథ్ తండ్రి కృష్ణమూర్తిని, మీ అమ్మాయి ఐశ్వర్యకు మామను. పిల్లలు తిరుపతిలో రిజిస్టరు పెళ్లి చేసుకుని రెండేళ్లయినా మనమిద్దరం ఇంతవరకు ఒక్క మాట మాట్లాడుకోలేదు. ఫోన్ చేద్దామనుకుంటే మీ అమ్మాయే ఆపింది. "మరమగ్గాల మోతలో మా నాయనకు చెవులు పోయినాయి మామా. ఫోనెత్తి ఊఁ ఊఁ అంటాడు గానీ ఒక్క ముక్క వినపడదు. కాయితం మీద రాసి పంపండి, కామా కూడా వదలకుండా సదువుతాడు" అంది. అందుకని రాస్తున్నాను.

విషయం ఏమంటే, మా పెరట్లో పాత పశువుల కొట్టం కూలిన చోట అమర్‌నాథ్ రంగురంగుల కోయి చేపల కోసం సిమెంటు తొట్టి కట్టించాడు. పన్నెండడుగుల పొడవు, నడుము లోతు. ఏర్పేడు దగ్గర కాలేజీ క్యాంపస్‌లో ఉద్యోగం చేసి వచ్చినవాడు సాయంత్రం ఊరికే ఉండక, ఫోనులో చేపల వీడియోలు చూసి చూసి ఈ పని నెత్తిన పెట్టుకున్నాడు. నేను పుట్టినప్పటి నుంచి మామిడి తోటలో ఉన్నవాణ్ణి. చేపల గురించి నాకు తెలిసింది పులుసు వరకే.

తొట్టి నింపి వారమైంది. నీళ్లు చేతికి జారుడుగా తగులుతున్నాయి, సున్నం వాసన వేస్తున్నాయి. ఇందులో చేపలు వదలవచ్చా? "మా నాయన్నే అడగండి" అని ఐశ్వర్య అంటుంది. మీ ఇంటి వెనక నూలు తడిపే తొట్టిలో ఏళ్ల తరబడి ఈ రకం చేపల్నే పెంచుతున్నారట కదా.

అమ్మాయి క్షేమం. మూడో నెల. వేవిళ్లు తగ్గలేదు గాని మజ్జిగన్నం ఇముడుతోంది.

ఇట్లు,
కృష్ణమూర్తి


నగరి,
జూలై 14.

కృష్ణమూర్తి గారికి,

ఉత్తరం అందింది. పచ్చి సిమెంటు నీళ్లలో చేపను వేస్తే దాని ఒళ్లు కాలిపోతుంది. ఉన్న నీళ్లన్నీ వదిలేయండి. అరటి బోదె తెచ్చి ముక్కలు కోసి తొట్టిలో వేసి, నిండా నీళ్లు పట్టి కుళ్లనివ్వండి. కంపు కొడుతుంది. మీ ఇంట్లో ఆడవాళ్లు తిడతారు, పడండి. తర్వాత అంతా కడిగేసి మళ్లీ బోదె, మళ్లీ నీళ్లు. నీళ్లు నాలుక మీద వేసుకుంటే చప్పగా ఉండేదాకా ఇదే పని. పైన పచ్చ వల కట్టించండి, లేకపోతే మీ చేపలు కొంగల పాలు.

మీరు ముందుగా రాశారు గనక నేనూ ఒక మాట దాచకుండా రాస్తాను. పిల్లల పెళ్లికి ముందు తాంబూలం పళ్ళెం పట్టుకుని, నా భార్య నిర్మలను వెంటబెట్టుకుని మీ ఇంటికి వచ్చాను. మీరు తోటకు వెళ్లారన్నారు. మీ ఆవిడ గ్రిల్ గేటు తీయలేదు. "మాకిష్టం లేదప్పా, ఎండనపడి వచ్చినారు, జాగ్రత్తగా పోండి" అని లోపలి నుంచే పంపించింది. పళ్ళెం మీద గుడ్డ కూడా తీయకుండా తిరిగి వచ్చాం. ఇక్కడ మా వీధి వీధంతా మా కోసం ఎదురుచూస్తూ ఉంది. ఎవరికని చెప్పుకుంటాం? ఆమే వచ్చి బొట్టు పెట్టి పిలిచేదాకా ఆ గడప తొక్కేది లేదని ఆ రోజు బస్సులోనే అనుకున్నాను. నిర్మల అప్పుడప్పుడూ తిరుపతిలో కూతుర్ని చూసి వచ్చేది, నేను వద్దనలేదు. నేను మాత్రం పోలేదు.

దీన్ని పోట్లాటకు రాయలేదు. మన మధ్య ఏముందో మీకు తెలిసి ఉండాలి కదా. చేపల సంగతి వేరు. ఏం కావాలన్నా అడగండి.

బాలసుబ్రమణ్యం


వడమాలపేట,
జూలై 28.

బాలసుబ్రమణ్యం గారికి,

మీ బోదె వైద్యం జరుగుతోంది. మొదటి విడత కంపుకు మా ఆవిడ చంద్రకాంతమ్మ పెరటి తలుపు మూసి గొళ్లెం పెట్టుకుంది. నేను మాత్రం రోజూ నీళ్లు నాలుక మీద వేసుకుని చూస్తున్నాను. పక్కింటి కుప్పయ్య చూసి, అమర్‌నాథ్‌ను పిలిచి నా ఆరోగ్యం అడిగాడట.

ఈలోగా మావాడు మద్రాసు నుంచి నాలుగు చేపలు తెచ్చాడు. వాటిని వరండాలో నీలం టబ్బులో పెట్టాడు. దీన్ని క్వారంటైన్ అంటున్నాడు. కొత్తగా వచ్చిన చేప ఏ రోగం మోసుకొచ్చిందో పైకి కనపడదట. నెల రోజులు విడిగా పెట్టి, కల్లుప్పు కలిపిన నీళ్లలో ఉంచి, ఒంటి మీద పుండూ పురుగూ లేవని తేలాకే తొట్టిలోకి పంపాలట. టబ్బు వల తొట్టిలో ముంచకూడదు, టబ్బు బకెట్టు తొట్టికి వాడకూడదు. నేను మరిచిపోయి ఆ వలతోనే తొట్టిలో ఆకులు తీశాను. కన్న కొడుకు నన్ను నిలబెట్టి సబ్బుతో చేతులు కడిగించాడు. కరోనా రోజులు గుర్తొచ్చాయి.

మీరు రాసిన రెండో సంగతి చంద్రకు చదివి వినిపించాను. ఆమె లేచిపోయి, పొద్దున ఏరిన బియ్యమే మళ్లీ ఏరుతూ కూర్చుంది. ఆమెతో ఇన్నేళ్లు కాపురం చేసినవాణ్ణి. కోపం వస్తే అరుస్తుంది, తప్పనిపిస్తే నోరు మూసుకుంటుంది. కొంచెం టైము ఇవ్వండి.

ఐశ్వర్య మీ తొట్టిలోని పెద్ద చేప గురించి చెబుతూ ఉంటుంది. పేరు హెడ్మాస్టరట?

కృష్ణమూర్తి


నగరి,
ఆగస్టు 3.

కృష్ణమూర్తి గారికి,

హెడ్మాస్టరే. ఎర్ర మచ్చల తెల్ల చేప, మోచేతి నుంచి వేళ్ల దాకా ఉంటుంది. అది వస్తే మిగతావి దారి వదులుతాయి. ఐశ్వర్య హైస్కూల్లో ఉండగా పెట్టిన పేరు. బడి నుంచి వస్తూనే సంచీ ఓ మూల పడేసి దాని దగ్గర కూర్చునేది. మగ్గాల షెడ్డులో మాటలు వినపడవు, ఇంట్లో నేను వినను. ఇంకెవరితో చెప్పుకుంటుంది? పరీక్షలో తక్కువ మార్కులొస్తే ముందు దానికే తెలిసేది.

మీ ఉత్తరం చదివాక నిర్మలా నేనూ ఒక నిర్ణయానికి వచ్చాం. పెళ్లి మా చేతుల మీదుగా జరగలేదు గనక సారె పెట్టే యోగం మాకు పట్టలేదు. చీర పంపితే మీ ఇంట్లో కట్టనిస్తారో లేదో తెలియదు. చేపలైతే మీ పెరట్లోకే గదా వచ్చేది. హెడ్మాస్టర్‌నూ, దానితో పాటు మంచివి కొన్నిటినీ పంపుతాను. దాన్ని సారె అనుకోండి. మా అక్క కొడుకు మురుగేష్‌కు లగేజీ ఆటో ఉంది. తొట్టి సిద్ధమైందని రాయండి, ఆక్సిజన్ పట్టించిన సంచుల్లో తెస్తాడు.

బాలసుబ్రమణ్యం


వడమాలపేట,
ఆగస్టు 9.

బావగారికి,

ఇలా పిలవవచ్చునా అని నాలుగు కాగితాలు చింపాను. సారె అని మీరే రాశారు గనక ధైర్యం చేస్తున్నాను.

ఉత్తరం చదివి ఐశ్వర్య ఏడ్చింది. తర్వాత ఆ రోజంతా పాడుకుంటూ తిరిగింది. మా ఇంటికి వచ్చాక ఆమె గొంతు అంతగా వినడం అదే మొదలు.

ఒక్క విన్నపం. మీ చేపలకు కూడా మావాడు ఇంకో టబ్బు తెచ్చాడు. నెలరోజులు వరండాలో ఉంచి, బాగున్నాయని చూసుకుని తొట్టిలో వదులుతాడట. ఏ చేపకైనా ఇదే పద్ధతి అంటున్నాడు. మీరు తెలిసినవారు, వేరుగా అనుకోరని రాస్తున్నాను.

కృష్ణమూర్తి


నగరి,
ఆగస్టు 13.

కృష్ణమూర్తి గారికి,

వేరుగానే అనుకున్నాను.

నన్నూ నా భార్యనూ గేటు బయట నిలబెట్టారు. మా పిల్లను దాదాపు రెండేళ్లు తిరుపతిలో అద్దె ఇంట్లో నిలబెట్టారు, కడుపుతో ఉందని తెలిశాక గాని లోపలికి పిలవలేదు. ఇప్పుడు మా చేపల్ని వరండాలో నిలబెడతారు. మా ఇంటి నుంచి వచ్చే ప్రతిదానికీ రోగముందేమో అని చూసుకోవడం మీ ఇంటి ఆచారం కాబోలు. అంగట్లో కొన్న చేపకూ, పుట్టింటి సారెకూ ఒకటే టబ్బా? సారె తట్టను గడప అవతల దించి నెల తర్వాత లోపలికి తీసుకున్నవాళ్లను నేను ఎక్కడా చూడలేదు.

నా తొట్టిలో ఇన్నేళ్లుగా రోగం లేదు, టబ్బూ లేదు. వచ్చిన వెంటనే తొట్టిలో వదిలేటట్టయితే రాయండి, పంపుతాను. లేకపోతే మా హెడ్మాస్టర్ మా దగ్గరే ఉంటుంది. మీకు శ్రమ వద్దు.

బాలసుబ్రమణ్యం


వడమాలపేట,
ఆగస్టు 30.

బావగారికి,

చేపలు చేరినట్టు మురుగేష్ చెప్పే ఉంటాడు. అయినా నేను రాయాలి.

మీ కోపం ఉత్తరం ఇంట్లో అందరికీ చదివాను. అమర్‌నాథ్ నోరు తెరవబోతే చంద్ర వాణ్ణి ఆపింది. "సారె వస్తా ఉంటే టబ్బేందిరా? ఆ టబ్బు తీసకపోయి మిద్దె మీద పడెయ్" అంది. నాకు ఆశ్చర్యం వేసింది. రెండేళ్లలో మీ ఇంటి తరఫున ఆమె మాట్లాడింది అదే మొదలు. అందుకే వెంటనే మీకు రెండు ముక్కల్లో సరేనని రాశాను.

ఆటో ఆగగానే ఆమే ఎదురు వెళ్లింది. ఐదు సంచులనూ వరుసగా పీటల మీద పెట్టించి, పసుపు కుంకుమ పెట్టి హారతి ఇచ్చింది. మద్రాసు చేపలు నాలుగూ తమ నెల పూర్తి చేసుకుని అప్పటికే తొట్టిలో ఉన్నాయి. సంచుల్ని నీళ్ల మీద కాసేపు తేలనిచ్చి, ఐశ్వర్య చేతనే ఐదింటినీ వదిలించాం. హెడ్మాస్టర్ ఒక చుట్టు చుట్టి నేరుగా ఆమె దగ్గరికే వచ్చి నిలిచింది. అమర్‌నాథ్ మాత్రం చేతులు కట్టుకుని దూరంగా నిలబడ్డాడు. వాడి మాట చెల్లలేదని అలిగాడు, అంతే.

ఏడో నెలలో సీమంతం అనుకుంటున్నాం. నవంబరులో. ముహూర్తం ఇంకా పెట్టలేదు.

మీ
కృష్ణమూర్తి


నగరి,
సెప్టెంబరు 6.

బావగారికి,

సంతోషం. హెడ్మాస్టర్ మేత తింటోందా? మిగతావి ఎలా ఉన్నాయి? ఏదైనా గోడకు ఒళ్లు రుద్దుకుంటోందా? ఊరికే అడిగాను. వెంటనే రాయండి.

బాలసుబ్రమణ్యం


వడమాలపేట,
సెప్టెంబరు 13.

బావగారికి,

ఇక్కడ అందరం క్షేమం. ఈ వారం వానలు బాగా పడ్డాయి. తోటలో కలుపు మోకాలెత్తు పెరిగింది, మనుషులు దొరకడం లేదు. కిందటి సంవత్సరం తోతాపురి కాయ ఎవరూ కొనక చెట్ల కిందే కుళ్లింది గనక ఈసారి రెండెకరాలు కొట్టేసి వేరే పంట పెడదామా అని చూస్తున్నాను. కుప్పయ్య జామ అంటాడు. జామకు ఈగ ఎక్కువ. పుత్తూరు రోడ్డు మళ్లీ తవ్వారు. చంద్రకు మోకాలి నొప్పి, తైలం రాస్తున్నాం. ఐశ్వర్యకు డాక్టరమ్మ ఐరన్ మాత్రలు మార్చింది, ఇప్పుడు పడుతున్నాయి. మీ వైపు కరెంటు కోతలు ఎలా ఉన్నాయి? మగ్గాలు సరిగా ఆడుతున్నాయా?

చేపలు కులాసా.

కృష్ణమూర్తి


నగరి,
సెప్టెంబరు 18.

బావగారికి,

కలుపు గురించి, జామ గురించి, పుత్తూరు రోడ్డు గురించి తెలుసుకున్నాను. చేపల గురించి రెండు మాటలు రాశారు. మీరు ఉత్తరాలు రాసే పద్ధతి ఇప్పటికి నాకు తెలుసు. బోదె కుళ్లితేనే అర పేజీ రాసిన మనిషి మీరు.

నేను చెవిటివాణ్ణే గాని గుడ్డివాణ్ణి కాను. ఉన్నది రాయండి.

బాలసుబ్రమణ్యం


వడమాలపేట,
సెప్టెంబరు 22.

బావగారికి,

హెడ్మాస్టర్ నిన్న పొద్దున పోయింది.

మీ సారె వచ్చిన వారం రోజులకే పసుపు రంగు చిన్న చేప పక్కన దారప్పోగులాంటిది వేలాడటం అమర్‌నాథ్ చూశాడు. నాచనుకున్నాం. అది పురుగు. తల కండలోకి గుచ్చుకుని ఉంటుందట. తర్వాత మద్రాసు చేపల మీదా కనపడింది. చుట్టూ ఎర్రగా పుండు. చేపలు గోడకు ఒళ్లు రాసుకోవడం మొదలుపెట్టాయి. మీరడిగిన నాటికే అది మొదలైంది, నేను రాయలేదు. మద్రాసువాటిలో ఒకటి మొదట పోయింది. హెడ్మాస్టర్ మేత మానేసి అడుగున పడుకుంది. ఐశ్వర్య పిలిస్తే మాత్రం ఒకటి రెండు రోజులు పైకి వచ్చింది. తర్వాత అదీ లేదు. నిమ్మ చెట్టు పక్కన పూడ్చాం.

అమ్మాయే రాయొద్దంది. "ఇప్పుడే రాయద్దు మామా. సీమంతానికి ఎట్లయినా నాయన్ని రప్పిద్దామని నేననుకుంటా ఉంటే, ఇది తెలిస్తే ఆయన అసలే రాడు" అంది. నిజం చెబితే మీరు రారు, అబద్ధం చెబితే మీరు వచ్చి హెడ్మాస్టర్ లేని తొట్టి చూస్తారు. ఎటూ పాలుపోక కలుపు గురించి రాశాను.

తప్పు ఎవరిదని ఇంట్లో ఎవరూ అనలేదు. అమర్‌నాథ్ కూడా అనలేదు, వాడికి అనే హక్కు ఉంది. టబ్బులో నెల ఉంచి ఉంటే ఆ పురుగు టబ్బులోనే కనపడేది. మొగమాటానికి పోతే ఏమవుతుందో సామెత ఉంది కదా, వియ్యంకుడికి రాసే ఉత్తరంలో అది పూర్తిగా రాయలేను.

ఇంకొకటి. తొట్టి అమర్‌నాథ్ సరదా అని మొదట రాశాను. నిజానికి కట్టించింది నేనే. ఐశ్వర్య మా ఇంటికొచ్చిన కొత్తల్లో పగలంతా పెరటి మెట్ల మీద ఒంటరిగా కూర్చునేది. ఏమ్మా అంటే, ఇంటి దగ్గరైతే ఈ టైముకు చేపలకు మేత వేస్తానని చెప్పింది. కొట్టం ఉన్న చోటు ఖాళీగానే ఉంది కదా అనిపించింది.

క్షమించండి.

కృష్ణమూర్తి


నగరి,
సెప్టెంబరు 25.

బావా,

మీరు క్షమించమని రాసేసరికి నాకు తలెత్తుకోవడం కష్టమైంది.

ఆ పసుపు చేప మాది కాదు. సారెకు పంపదగ్గవి మా దగ్గర నాలుగే తేలాయి. మిగతావి మరీ పిల్లలు. నాలుగు సారె ఎవరైనా పంపుతారా? ఐదో, తొమ్మిదో, పదకొండో ఉండాలి గాని సరి సంఖ్యలో పుట్టింటివాళ్లు పంపారంటే మీ ఇంట్లో ఏమనుకుంటారు? అందుకని బజార్లో గాజు తొట్లు పెట్టుకుని అమ్మేవాడి దగ్గర ఆ పసుపుదాన్ని కొన్నాను. మిగతావాటికి అలవాటు పడాలని నా తొట్టిలోనే కలిపాను. మీకు టబ్బు గురించి అంత రోషంగా ఉత్తరం రాసిన వారంలోనే ఈ పని చేశాను. ఎవరైనా ఒక్కరు ఆపి ఉంటే వాళ్లనూ తిట్టి ఉండేవాణ్ణి.

చేపలు మీకు చేరిన కొన్నాళ్లకే నా తొట్టిలో పురుగు కనపడింది. అప్పుడు అనుమానం వచ్చింది. గోడకు రుద్దుకుంటోందా అని అడిగింది అందుకే. మీరు కులాసా అని రాస్తే నమ్మాలని చూశాను, నమ్మలేకపోయాను. అప్పుడైనా నేను ఉన్న సంగతి రాసి ఉంటే మీరు ముందే వైద్యం చేసి ఉండేవారు. హెడ్మాస్టర్ బతికేదేమో. మా చేప అనే గర్వం దాని ప్రాణం తీసింది. మీ ఉత్తరం చదివినప్పటి నుంచి అన్నం ముందు కూర్చుంటే ఇదే గుర్తొస్తోంది.

మిగిలినవాటిని వదిలేయకూడదు. పురుగుల్ని ఒక్కొక్కటిగా పీకాలి, నీళ్లకు మందు వేయాలి, గుడ్లు పొదిగి మళ్లీ వస్తాయి గనక మళ్లీ మళ్లీ వేయాలి. రాస్తే అర్థం కాదు. ఆదివారం మురుగేష్‌తో వస్తాను. పెరటి గేటు తీసి ఉంచండి, సందులో నుంచి వస్తాను. నేను చేపల కోసం వస్తున్నాను, ఇంటికి కాదు. పిలవని ఇంట్లో మంచినీళ్లు కూడా ముట్టను. ఆ సంగతి ముందే చెప్పి పెట్టండి, మళ్లీ మొగమాటాలు వద్దు.

బాలసుబ్రమణ్యం


వడమాలపేట,
అక్టోబరు 20.

బావా,

మీరు చెప్పిన ప్రకారం మూడోసారి మందు వేశాం. నీళ్లు ఊదారంగు నుంచి మామూలు రంగుకు తిరిగాయి. పది రోజులుగా కొత్త పురుగు ఒక్కటీ లేదు. పుండ్లు మానుతున్నాయి. ఏడు మిగిలాయి. అందరికంటే బాగా తింటున్నది ఆ పసుపుదే. రోగం తెచ్చిందే ఎక్కువ బలిసింది, లోకం తీరు.

ఆ ఆదివారం గురించి రాయాలి. మీరు సందులో నుంచి వచ్చి, లుంగీ ఎగ్గట్టి తొట్టి గట్టు మీద కూర్చున్నారు. బట్టలో ముడులు తీసే చిన్న పట్టుకారు బయటికి తీశారు. అమర్‌నాథ్ వలతో పట్టి ఇస్తే, ఒక్కో చేపనూ తడిగుడ్డలో చుట్టి ఒళ్లో పెట్టుకుని పురుగు తీశారు. ఐశ్వర్య దూది అందించింది. రెండేళ్ల తర్వాత చూసుకుంటున్న తండ్రీ కూతుళ్లు, పొద్దున నుంచి మధ్యాహ్నం దాకా దూది, మందు, వల తప్ప ఇంకో మాట లేదు. వెళ్లేటప్పుడు మాత్రం ఆమె నెత్తిన చెయ్యి పెట్టి, గబగబా నడిచిపోయారు. మీరు సందు మలుపు తిరిగేదాకా ఆమె గేటు పట్టుకునే ఉంది.

చంద్ర కాఫీ పంపించింది. మీరు ముట్టలేదు. ఆమె అదే గ్లాసు తీసుకుని వంటింట్లోకి పోయింది. నేను తిడుతుందనుకున్నాను. "ఆ మనిషి చేపను సంటిబిడ్డ మాదిరి ఒళ్లో పెట్టుకొని కూర్చోనుండాడు. ఈయన్నా నేను గేటు తీయకుండా పంపించింది?" అంది. గ్లాసు కడిగి బోర్లించి, "దొడ్డిదోవన వచ్చి పోతే మనిషి వచ్చినట్టా, రానట్టా?" అని అడిగింది. రానట్టే అన్నాను. ఆ తర్వాత రెండు వారాలు ఆ మాట ఎత్తలేదు.

నిన్న సీమంతానికి ముహూర్తం కుదిరింది, నవంబరు 16. ఇంట్లో పిలుపుల గురించి మాట్లాడుతుంటే, "నగరికి నేను పోతా. మీరెవరూ వెంట రావద్దు. నేను జేసిన పనికి మొగోళ్లెందుకు?" అంది. ఏ రోజు వస్తుందో నాకూ చెప్పలేదు. మీరు ఏమంటారో, ఆమె ఏమంటుందో నాకు తెలియదు. ఇద్దరూ మొండివాళ్లే. నాకు భయంగా ఉంది.

కృష్ణమూర్తి


నగరి,
నవంబరు 4.

బావా,

మీ ఆవిడ వచ్చి వెళ్లింది. ఇంటికొచ్చి మీకు ఏం చెప్పిందో తెలియదు గనక జరిగింది రాస్తున్నాను.

నేను షెడ్డులో ఉన్నాను, మగ్గాలన్నీ ఆడుతున్నాయి. తలెత్తి చూస్తే వాకిట్లో నిలబడి ఉంది. చేతిలో కుంకుమ భరిణె. బస్సు దిగి నడిచి వచ్చినట్టుంది, మోకాలు పట్టుకుని ఉంది. లోపలికి రమ్మని చెయ్యి చూపినా రాలేదు. వాకిట్లోనే నిలబడి ఏదో అంది. వినపడలేదని చెవి చూపించాను. మళ్లీ అంది. నేను పోయి మెయిన్ స్విచ్ ఆపేశాను. పని మధ్యలో ఎవరి కోసమూ నేను మగ్గాలు ఆపింది లేదు. ఆపినా నాకు వినపడదు గదా. "గట్టిగా సెప్పమ్మా" అన్నాను.

అప్పుడు గొంతెత్తి చెప్పింది. "ఆ పొద్దు మీ ఇద్దర్నీ వాకిట్లో నిలబెట్టి పంపించినానన్నా. తప్పు నాదే. మీ బిడ్డ సీమంతానికి మా యింటికి రాండి." మా మగ్గాలు ఆగిన నిశ్శబ్దంలో ఆ మాట అంత దూరం పోయింది. పక్క షెడ్డువాళ్లు కూడా ఏమైందోనని మగ్గాలు ఆపారు. ఎదురింటివాళ్లు, వాళ్ల పక్కవాళ్లు, మూలింటి జయంతమ్మ, ఆమె కోడలు, అందరూ బయటికి వచ్చి నిలబడ్డారు. నిర్మల పరుగెత్తుకుని వచ్చి ఆమె చెయ్యి పట్టుకుంది. బొట్టు పెట్టి పిలిచింది. ఇద్దరూ ఒకరి భుజం ఒకరు పట్టుకుని లోపలికి పోయారు. మా ఇంట్లో అన్నం తినే వెళ్లింది.

ఒక్కటి మీకు చెప్పాలి, ఆమెకు చెప్పవద్దు. ఆమె మొదటిసారి అన్నప్పుడే నాకు అర్థమైంది. ఇన్నేళ్లుగా పెదాలు చూసే బతుకుతున్నాను, తప్పు అనే మాట తెలియకుండా పోతుందా? తెలిసీ చెవి చూపించాను, తెలిసీ మగ్గాలు ఆపాను. పళ్ళెం మీద గుడ్డ తీయకుండా తిరిగొచ్చిన రోజు ఈ వీధే నన్ను చూసింది. ఈ వీధే వినాలనిపించింది. మోకాళ్ల నొప్పితో వచ్చిన మనిషిని నిలబెట్టి అంత గట్టిగా అరిపించడం పెద్దమనిషి పని కాదు. అది నాకు తెలుసు.

పదహారున వస్తాం. ముందు వాకిలి గుండానే.

బాలసుబ్రమణ్యం


వడమాలపేట,
నవంబరు 8.

బావా,

మీరు వచ్చే రోజుకు తొట్టి గట్లు కడిగించి సగం నీళ్లు మార్చాను. చేపలు ఏడూ బాగున్నాయి. మురుగేష్‌ను, నిర్మలమ్మ గారిని ముందు రోజే రమ్మని ఐశ్వర్య చెప్పమంది. మీకు పడమటి గది సర్దాం.

మీ ఉత్తరంతో ఒక చిక్కొచ్చింది. మీ ఉత్తరాలన్నీ నేను చంద్రకు పైకి చదివి వినిపిస్తానని మీకు తెలుసు. ఆమెకు చెప్పవద్దు అన్న ముక్క కూడా అదే ఊపులో చదివేశాను. చదివాక గాని తెలియలేదు. తర్వాత ఆపితే ఊరుకోదు గదా, మిగతాదీ చదవక తప్పలేదు.

నేను కాగితం మడిచి ఆమె మొహం చూడకుండా కూర్చున్నాను. ఆమె చిక్కుడుకాయలు తుంచుతోంది.

"నాకు తెలీదా?" అంది. "మొదటి మాటకే ఆయన కండ్లల్లో నీళ్లు తిరిగినాయి. మళ్లా చెవి చూపించినాడు. సరే, వీధంతా వినాలనుండాది పాపం అని నేనే గొంతు పెంచినాను."

మీ
కృష్ణమూర్తి